వేళ తప్పని దొంగ

పార్సిప్పనీలో మా తోడల్లుడి ఇంటికి వెళ్తే గుమ్మంలోనే అడుగుతాడు, “ఫోన్లో వైఫై ఆన్‌లో ఉందా అన్నయ్యగారూ?” అని. చెప్పులు విప్పేముందు అది కట్టేయాలి. చుట్టాల కోసం వేరే వైఫై పెట్టాడు. దాని పాస్‌వర్డు అతనే కొట్టి ఇస్తాడు. మనం కారెక్కి 287 మీదికి చేరేలోపు మార్చేస్తాడు.

మనిషి మంచివాడు. బ్యాంకులకి, ఇన్సూరెన్సు కంపెనీలకి కంప్యూటర్ భద్రత చూసే ఉద్యోగం. పగలంతా పరుల కొంపలకి తాళాలు వేసి వచ్చేసరికి సొంత కొంప బార్లా తెరిచి ఉన్నట్టు కనిపిస్తుందట. అతని అనుమానాలు గాల్లోంచి పుట్టినవేం కాదు. ఒక్కోదానికి ఒక్కో తేదీ ఉంది.

ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచుకోండన్న గూగుల్ ఫోటోస్ 2021 జూన్ 1 నుంచి ఆ మాట వెనక్కి తీసుకుంది. “అలవాటు చేశారు, ఇప్పుడు అద్దె అడుగుతున్నారు” అన్నాడు. గుమ్మాలకి బిగించుకునే రింగ్ కెమెరాల కంపెనీలో ఉద్యోగులే జనం ఇళ్ళలోని వీడియోలు చూశారని 2023 మేలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు పెట్టింది. కంపెనీ 58 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ వార్త చదివినవాడు నిచ్చెన వేసుకుని తన గుమ్మం మీది కెమెరా ఊడబీకాడు. అదే ఏడాది అక్టోబరులో 23అండ్‌మీ అనే జన్యు పరీక్షల కంపెనీ నుంచి వివరాలు బయటికి పొక్కాయి. లెక్క తేలేసరికి బాధితులు దాదాపు 69 లక్షల మంది. సీసాలో ఉమ్మి పంపి మన పూర్వీకులెవరో తెలుసుకుందామని సరదా పడ్డ మా మరదలు ఆ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

మేం వెనకాల నవ్వుకునేవాళ్ళం. ఎందుకంటే న్యూజెర్సీలో ఇంటి దస్తావేజు దాచుకునే కాగితం కాదు. ఎవరు కొన్నారో, ఎప్పుడు కొన్నారో, ఎంతకి కొన్నారో కౌంటీ క్లర్కు రికార్డుల్లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇంటి ధర అతను కన్నవాళ్ళకి కూడా చెప్పలేదు. గృహప్రవేశానికి వచ్చిన తెలుగువాళ్ళలో మాత్రం అది చూడకుండా వచ్చినవాళ్ళు తక్కువ. ఆ మాట ఎవరో నోరు జారితే అతను నవ్వలేదు. 2020 జులైలో నార్త్ బ్రన్స్‌విక్‌లో ఒక దుండగుడు ఫెడరల్ జడ్జి ఎస్తర్ సాలస్ ఇంటి గుమ్మంలోకి వచ్చి ఆమె కొడుకు డేనియల్‌ని కాల్చి చంపాడు. జడ్జీల, పోలీసుల ఇంటి అడ్రసులు బయట పెట్టకూడదని ఆ ఏడు నవంబరులోనే ఆ అబ్బాయి పేరు మీద రాష్ట్రంలో చట్టం వచ్చింది. “జడ్జీలకున్న ప్రాణం మనకి లేదా అన్నయ్యగారూ?” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేక ఇంకో గారె తీసుకున్నాను.

అలా వెలసింది బేస్‌మెంట్లో సర్వర్. ఏదో ఆఫీసువాళ్ళు తీసేసిన పాత కంప్యూటరు కొని, నాలుగు డిస్కులు బిగించి, వాటర్ హీటరుకి దూరంగా, నేలకి రెండడుగుల ఎత్తున అల్యూమినియం బల్ల మీద పెట్టాడు. శాండీ తుఫాను నాటి కరెంటు కోతలు గుర్తున్నవాడు కాబట్టి పక్కనే పెద్ద యూపీఎస్. ఫోటోలకి ఇమ్మిచ్, సినిమాలకి జెల్లీఫిన్, ప్రకటనలని గుమ్మంలోనే ఆపేయడానికి పైహోల్. ఆ పైహోల్ పుణ్యాన మా మరదలికి డిస్కౌంటు కూపన్ల పేజీ ఒక్కటీ తెరుచుకునేది కాదు. పాత సినిమా ఏదైనా చూడాలంటే ఫోన్లో ఆరంకెల కోడు వస్తుంది, అరనిమిషంలో మారిపోతుంది. పొయ్యి మీద పాలు పెట్టినప్పుడు మాత్రం సినిమా పెట్టకూడదని ఆవిడ నేర్చుకుంది.

దేన్నీ నమ్మి వదిలేసే రకం కాదు. ఆదివారం పొద్దున్నే తలంటు పోసుకున్నట్టుగా సర్వర్‌కి అప్‌డేట్లు వేసేవాడు. అడిగితే లాస్ట్‌పాస్ కథ చెప్పేవాడు. లక్షల మంది పాస్‌వర్డులు దాచే కంపెనీ అది. 2022లో దొంగలు దాని ఖజానా దాకా వెళ్ళడానికి ఆఫీసు గోడ దూకలేదు. అక్కడి ఇంజనీరు ఒకాయన ఇంటి కంప్యూటర్లో ప్లెక్స్ అనే సినిమాల సాఫ్ట్‌వేర్ ఉంది. అందులోని పాత కంతలోంచి దూరి, ఆయన కొట్టే అక్షరాలన్నీ పట్టేశారు. ఆ కంతకి అతుకు 2020లోనే వచ్చింది. ఆయన వేసుకోలేదు. “ఇంట్లో సర్వర్ పెట్టుకుంటే గొప్ప కాదు, దాన్ని కాచుకోవాలి. ఒళ్ళు బద్ధకమైతే గూగుల్‌కే ఇచ్చేయడం మేలు” అనేవాడు. అందులో అబద్ధం ఏముంది?

ఫోటోల కాపీలు మూడు ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి అన్నది ఆ వృత్తిలో నియమం. ఆ బయటి కాపీ ఎడిసన్‌లో మా ఇంట్లో, చెప్పుల స్టాండు వెనక ఉంది. అందులో ఏముందో నాకు తెలీదు. తాళం అతని దగ్గరే.

చిక్కల్లా తెనాలితో వచ్చింది. అతని అమ్మానాన్నలు అక్కడే ఉంటారు. అంతకుముందు మనవడి ఫోటోలు వాట్సాప్‌లో వెళ్ళేవి. ఆ గుంపుకి మహారాణి వాళ్ళమ్మగారే. టైపు చేయడం రాదు కాబట్టి మైకు నొక్కి మాట్లాడితే ఫోనే తెలుగులో రాసేది. కామాలు, చుక్కలు ఉండవు. ఆవిడ కూర పోపు గురించి చెబుతూ మధ్యలో పాలవాడితో అన్న మాట కూడా అక్షరాల్లో వచ్చేసేది. మేం పడీపడీ నవ్వుకునేవాళ్ళం. అతను ఆ గుంపు మూయించేశాడు. “మాటలకి తాళం ఉంటే ఉండొచ్చు. ఎవరు ఎవరితో ఎన్నింటికి మాట్లాడుతున్నారో కంపెనీకి తెలుస్తుందిగా” అన్నాడు.

కిందటి సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు ఒక టాబ్లెట్ కొనిచ్చి, అందులో వైర్‌గార్డ్ బిగించి వచ్చాడు. తెనాలి హాల్లోంచి పార్సిప్పనీ బేస్‌మెంటు దాకా ఎవరికీ కనపడని సొరంగం అది. టాబ్లెట్ తెరిస్తే చాలు, మనవడి ఫోటోలు. ఒకవేళ సొరంగం పనిచేయకపోతే వాడుకోమని వెబ్ అడ్రసు ఒకటి, ఇరవై రెండు అక్షరాల పాస్‌వర్డు ఒకటి కాగితం మీద రాసి బీరువాలో పెట్టించాడు. బీరువా తాళం ఎక్కడ పెట్టామో మర్చిపోతామని వాళ్ళు అది వంటింటి క్యాలెండరు మీద రాసుకున్నారు. వీడియో కాల్లో అది అతని కంటపడింది. ఆ రోజు తెనాలి మీద పిడుగు పడింది. మర్నాడే పాస్‌వర్డు మార్చేసి, “ఇక ఆ దారి జోలికి పోకండి, టాబ్లెట్లోనే చూడండి” అని కట్టడి చేశాడు. అప్పట్నుంచి ఎప్పుడు అడిగినా వాళ్ళమ్మగారి జవాబు ఒకటే: “చూశాం నాన్నా, చాలా బాగున్నాయి.”

సెప్టెంబరులో పిల్లాడి పుట్టినరోజు చేశారు. పిల్లాడికి ముత్తాత పేరు పెట్టుకున్నారు. రూట్ 46 దగ్గర ఒక హాల్లో పార్టీ. గుమ్మం దగ్గర ఇంగ్లిష్‌లో, తెలుగులో బోర్డు పెట్టించాడు: దయచేసి పిల్లల ఫోటోలు సోషల్ మీడియాలో పెట్టవద్దు. వచ్చినవాళ్ళంతా చదివి, ఎంత మంచి ఆలోచన అని మెచ్చుకుని, ఆ బోర్డు పక్కన నిలబడి సెల్ఫీలు దిగారు.

అక్టోబరులో మొదలైంది దొంగ బెడద.

ఇంటర్నెట్‌లో ఏ తలుపు పెట్టినా రోజంతా ఎవరో ఒకరు వచ్చి గొళ్ళెం లాగి చూస్తూనే ఉంటారు. అవి యంత్రాలు, క్షణానికి పది సార్లు కొట్టి పోతాయి. అతను వాటిని లెక్కచేయడు. అయిదుసార్లు తప్పు కొట్టిన అడ్రసుని ఆపేసే కాపలా ఉంది. కానీ ఈ కొత్తవాడు యంత్రం కాదు. నిదానంగా, ఆలోచించుకుని, నిమిషానికొకసారి కొడుతున్నాడు. అది కూడా రాత్రి సరిగ్గా తొమ్మిదిన్నరకి. అయిదుసార్లు తప్పు కొట్టగానే కాపలా ఆపేస్తుంది. మర్నాడు అదే వేళకి వేరే అడ్రసు నుంచి ప్రత్యక్షం.

“ఇండియా నుంచి వస్తున్నాడు” అని ఫోన్ చేసి చెప్పాడు. “ఒకరోజు హైదరాబాద్ చూపిస్తుంది, ఒకరోజు చెన్నై. అడ్రసు మార్చుకుని వస్తున్నాడంటే చెయ్యి తిరిగినవాడే.”

“ఏం పేర్లు కొడుతున్నాడు?” అన్నాను, నాకూ తెలుసన్నట్టు.

“అవి నా లాగుల్లో పడవు. మనుషులు కంగారులో పేరు కొట్టాల్సిన చోట పాస్‌వర్డు కొట్టేస్తారు. అవి రాసి పెట్టుకుంటే రేపు అదే ప్రమాదం. వేళ, అడ్రసు, తప్పు అన్న మాట, అంతే రాసుకుంటాను.”

నిజానికి ఆ లాగుల్లో ఎర్ర గీతలతో పాటు పచ్చ గీతలు కూడా ఉంటాయి. లోపలికి సవ్యంగా వచ్చినవాళ్ళవి. అతను ఎర్రవే చూసేవాడు. దొంగల్ని పట్టేవాడికి దొరల హాజరుతో పనేముంది?

నవంబరు మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు ఒక గంట వెనక్కి తిప్పాం. ఆ రాత్రి నుంచి దొంగ ఎనిమిదిన్నరకే రావడం మొదలుపెట్టాడు. “చూశారా, నేను కాపు కాస్తున్నానని పసిగట్టి వేళ మార్చాడు!” అన్నాడు. గొంతులో కొంచెం గౌరవం కూడా వినిపించింది.

ఆ రోజుల్లో తెనాలి నుంచి ఫోన్ వస్తే కూడా అతనికి తీరిక ఉండేది కాదు. “ఉండమ్మా, దొంగ వెధవొకడు రోజూ వచ్చి మన సర్వర్ తలుపు కొడుతున్నాడు. వాణ్ణి పట్టే పనిలో ఉన్నా.” ఆవిడ బెంబేలెత్తిపోయి, “వాడి చేతులు పడిపోనూ! పిల్లాడి ఫోటోలు జాగ్రత్త నాన్నా” అనేదట.

చివరికి ఉచ్చు పన్నాడు. ఇండియా నుంచి ఎవరొచ్చినా అసలు తలుపు కాక, అచ్చం అలాంటిదే ఒక ఉత్తుత్తి తలుపు ఎదురవుతుంది. ఎన్నిసార్లు తప్పు కొట్టినా అది ఆపదు. ఆ పెట్టెల్లో పడ్డ ప్రతి అక్షరమూ పడ్డది పడ్డట్టు అతని తెర మీదికి వస్తుంది. భద్రతవాళ్ళ భాషలో హనీపాట్. అది సిద్ధమయ్యేసరికి థాంక్స్‌గివింగ్ వచ్చింది.

ఆ రాత్రి వాళ్ళింట్లో పాట్‌లక్. మేం పులిహోర పట్టుకెళ్ళాం. ఇంకెవరో గుత్తివంకాయ, ఇంకెవరో టర్కీ బదులు కోడిపలావు. పుట్టినరోజుకి వచ్చినవాళ్ళే చాలామంది. భోజనాలవుతుండగా అతను టీవీలో ఫుట్‌బాల్ ఆపి, తన తెర పెట్టాడు. నల్లటి తెర, మూలన గడియారం.

“సరిగ్గా ఎనిమిదిన్నరకి చూడండి. పిలవని పేరంటానికి వస్తాడు.”

పిల్లలు రిమోట్ నొక్కి చెడగొడతారని ఆ తెరని పైనుంచి మార్చే వీలు లేకుండా బేస్‌మెంట్లోంచి నడిపించాడు. మగాళ్ళు పళ్ళాలతో సహా సోఫాల్లోకి జరిగారు. ఆడవాళ్ళు వంటింటి గట్టు దగ్గర నిలబడ్డారు. ఎవరో ఎంతకి వస్తాడని పందెం కూడా వేశారు.

8:31కి తెర మీద ఇండియా అని పడింది. ఈలలు వేశారు. తర్వాత పేరు కొట్టే పెట్టెలో ఒక్కొక్క అక్షరమే దిగింది.

శ్రీరామ

ఇల్లంతా గొల్లుమంది. “దొంగైనా భక్తుడండోయ్!” అన్నారెవరో. ఆ మాట చెరిగిపోయింది. కాసేపటికి ఇంకోటి పడింది.

మావగారు

మళ్ళీ నవ్వారు. మా మరదలు నవ్వలేదు. చేతిలో గరిటె గిన్నెలోకి జారింది. పిల్లాడికి పెట్టింది వాళ్ళ ముత్తాత పేరని చెప్పాను కదా. వాళ్ళత్తగారు మావగారి పేరు నోటితో పలికే మనిషి కాదు. మనవణ్ణి పుట్టినప్పట్నుంచీ ఆవిడ పిలిచే పిలుపు అదొక్కటే.

తప్పు అన్నది ఉత్తుత్తి తలుపు. ఈసారి అక్షరాలు ఒక్కొక్కటిగా రాలేదు. మాటలకి మాటలే గుంపుగా వచ్చి పడ్డాయి.

ఏవండీ కళ్ళజోడు ఇలా ఇవ్వండి మైకు నొక్కి పేరు చెబితే అదే రాసుకుంటుందన్నాడు సెల్లు కొట్టు అబ్బాయి

మా తోడల్లుడు తెర వంక చూస్తూ ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇదీ తప్పేనంట రోజూ తప్పేనంటోంది పోనీ ట్యాబు దసరాకి ముందే పగిలిపోయిందని వాడికి చెప్పేద్దామంటారా

వద్దు క్యాలెండరు మీద రాసినందుకే ఎంత గొడవ చేశాడో మర్చిపోయావా

అతను బేస్‌మెంటు మెట్ల వైపు పరిగెత్తాడు. తెర ఆగలేదు.

మరి రోజూ చూశామని అబద్ధం ఆడుతున్నాం కదండీ

పోనీలేవే వాడు ఆనందిస్తున్నాడు మనకేం పిల్లాణ్ణి చూస్తూనే ఉన్నాంగా ఎదురింటి కోడలి ఫోన్లో కేకు కోసిందీ డాన్సు చేసిందీ ఊరంతా చూశారు ఆ పార్టీకి వచ్చినావిడ ఎవరో రోజుకొకటి పెడుతోందంటగా

గట్టు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఒకావిడ పెరుగు గిన్నె మూత కోసం వెతకడం మొదలుపెట్టింది. మిగతావాళ్ళలో కనీసం ముగ్గురు తమ ఫోన్లు తిరగేసి బల్ల మీద పెట్టారు.

కింద ఏదో తీగ పీకిన చప్పుడు. తెర ఆరిపోయింది. అతను మెట్లెక్కి పైకి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ మీద అతని ఫోన్ మోగుతోంది. మా మరదలు చేతులకి నూనె. అలవాటు కొద్దీ వేలి కొసతో స్పీకరు నొక్కింది.

“నాన్నా, ఫోటోలన్నీ ఇప్పుడే చూశాం రా, చాలా బాగున్నాయి. అవునూ, రోజూ వస్తున్నాడన్నావే ఆ దొంగ వెధవ, దొరికాడా?”